పావుకిలోలో ఆరు కంచాలు

మా పిన్నికి కండక్టరమ్మ అని పేరు పెట్టింది నేనే. ముప్పై సీట్ల బస్సులో డెబ్బై మందిని కండక్టర్ ఎలా సర్దుతాడో, పావుకిలో మాంసంలో ఆరు కంచాల్ని పిన్ని అలా సర్దేది. ఒక్కరు కూడా తమకు చోటు దొరకలేదని అనుకునేవారు కాదు.

నేను తొమ్మిదో తరగతిలో చదువు మానేశాను. ఆ పుస్తకాల్లో నాకు తెలియనిదేమీ లేదని తేలిపోయాక ఇంకా బెంచీ అరగదీయడం దండగనిపించింది. పిన్ని ఇంట్లో చేరి, వీధి చివర టైర్ల షాపులో పంక్చర్లు వేసేవాణ్ణి. ఆ షాపులో పిన్ని వంట గురించి చెప్పడమే నా అసలు ఉద్యోగం. గొర్రె మా వీధిలోంచి నడిచి వెళ్తే చాలు, గోడ మీద పడిన దాని నీడతో పిన్ని ఇంటిల్లిపాదికీ కూర వండేస్తుందని చెప్పాను. ఒక లారీ డ్రైవరు నమ్మి ఆదివారం ఖాళీ గిన్నె పట్టుకుని వచ్చాడు. "ఇవాళ మబ్బు పట్టింది, నీడ లేదన్నా" అని వెనక్కి పంపాను.

"ఒరేయ్ కోతలరాయుడా, నీ నోటికి తాళం లేదురా" అని పిన్ని తిట్టేది కానీ, పెదవి చివర నవ్వు దాచుకునేది.

మా బాబాయి ఒక లేతు షాపులో మిషను మీద పనిచేసేవాడు. తిరుగుతున్న ఇనపకడ్డీని చెక్కి, ఆపి, వేలితో తడిమి, వెంట్రుకలో సగం తేడా ఉన్నా చెప్పేసేవాడు. తాగడు. జీతం తెచ్చి పిన్ని చేతిలో పెడతాడు. ఆయన కోరేదల్లా ఒకటే. ఆదివారం మధ్యాహ్నం కంచం నిండా మాంసం కనపడాలి. సోమవారం పొద్దున షాపులో తోటి పనివాళ్లతో, "నిన్న మా ఇంట్లో..." అని మొదలుపెట్టడానికి అది కావాలి.

ఒకసారి షాపులో పని సగానికి పడిపోయింది. ఆ ఆదివారం పిన్ని కొన్న కాసింత మాంసాన్ని ఉన్నది ఉన్నట్టే వండి రెండు ముక్కలు వేసింది. బాబాయి కంచం ముందుకు తోసేశాడు. "వారమంతా ఇనుముతో కుస్తీ పట్టేది ఈ రెండు ముక్కల కోసమా?" అని చొక్కా వేసుకుని బయటికి పోయాడు. అప్పటికి పిన్ని కడుపుతో ఉంది. ఆ కంచం ముందు కూర్చుని చాలాసేపు లేవలేదట. పై ఆదివారం నుంచి మా ఇంట్లో మాంసానికి లోటు రాలేదు. షాపులో పని మళ్లీ పుంజుకున్నా కొట్లో మాంసం ధర కూడా దాంతోపాటే పుంజుకుంది కాబట్టి, పావుకిలో పావుకిలోగానే ఉండిపోయింది.

ఆ విద్య మొత్తం చూసినవాణ్ణి నేనొక్కణ్ణే. ఆదివారం పొద్దున్నే ఇద్దరం సంచి పట్టుకుని మాంసం కొట్టుకు వెళ్లేవాళ్లం. పావుకిలో మెత్తటి మాంసం, దానికి నాలుగింతలు ఉత్త ఎముకలు. ఎముకలు కొట్టాయన దాదాపు ఊరికే ఇచ్చేవాడు.

"ఏమ్మా, ఎన్ని కుక్కల్ని పెంచుతున్నారు?" అని అడిగాడొకసారి.

"ఆరు" అంది పిన్ని తడుముకోకుండా. దారి పొడవునా నవ్వాను. పిన్ని నవ్వలేదు.

ఇంటికి రాగానే ఎముకల్ని కుక్కర్లో పెట్టేది. ఆ నీళ్లు చల్లారాక పైన తేలిన కొవ్వును గరిటెతో తీసి పక్కన పెట్టేది. బంగాళాదుంపల్ని సగం ఉడికించి, చాకుతో కోయకుండా చేత్తో విరిచేది. మాంసం ముక్క ఎప్పుడూ చదరంగా ఉండదట. ఆ దుంపల్ని ఆ కొవ్వులోనే ఎర్రగా వేయించేది. మీల్‌మేకర్‌ని వేడినీళ్లలో నానబెట్టి, రెండుసార్లు పిండి, చీల్చి, ఎముకల నీళ్లలో మళ్లీ నానబెట్టేది. అసలు మాంసం బొటనవేలి గోరంత ముక్కలు. అన్నీ ఒకే మసాలాలో మగ్గి ఒకే రంగుకు వచ్చాక, అందులో ఏది ఏదో నాకు కూడా తెలిసేది కాదు. నాకే తెలియలేదంటే ఇక ఎవరికి తెలుస్తుంది!

పైన ప్రతి కంచంలో రెండేసి ఎముకలు. పిన్ని కనిపెట్టిన అసలు రహస్యం అదే. తిన్నవాడు ముక్కలు గుర్తుపెట్టుకోడు, కంచం పక్కన పడిన ఎముకలు గుర్తుపెట్టుకుంటాడు. బాబాయి చెయ్యి కడుక్కుని ఆ గుట్టవైపు ఒకసారి చూసి, త్రేన్చి, పడుకునేవాడు. గరిటె మాత్రం పిన్ని ఎవరికీ ఇచ్చేది కాదు.

ఆ ఇంట్లో మిగిలినవాళ్లు బాబాయి తల్లి, అంటే మా మామ్మ, ఎనిమిదేళ్ల చిన్నోడు, పద్నాలుగేళ్ల చెల్లి. చెల్లి గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ ఉండేది కాదు. అది నోరెత్తదు. ఏది వేసినా, "చాలమ్మా" అంటుంది.

ఒకరోజు బడిలో వరసలో నిలబడి ఉండగా చెల్లి కళ్లు తిరిగి పడిపోయింది. క్లినిక్‌కి అందరం వెళ్లాం. డాక్టరమ్మ దాని కనురెప్ప కిందికి లాగి చూసి, రక్తం తీయించి, కాగితం చేతికొచ్చాక పెదవి విరిచింది.

"ఉండాల్సిన దాంట్లో సగం రక్తమే ఉంది. తిండి ఎలా తింటుంది? మాంసం పెడతారా?"

బాబాయి నవ్వాడు. "ఎంత మాటమ్మా! ఆదివారం మా ఇంటికొచ్చి చూడండి. భోజనాలయ్యాక ఎముకలెత్తడానికి చేట కావాలి."

"అమ్మాయి కూడా తింటుందా?"

నేనుండగా ఆ ప్రశ్నకు వేరేవాళ్లు జవాబు చెప్పడమా? "మేడమ్, దీన్ని చూసి పిట్ట అనుకునేరు. మొన్న ఆదివారం నాకూ దీనికీ పందెం. పద్నాలుగో ముక్క దగ్గర నేను చేతులెత్తేశాను. ఇది పదిహేడు లాగించింది."

బాబాయి నా వీపు తట్టాడు. చెల్లి నావైపు చూసి తల దించుకుంది. పిన్ని సంచి పట్టీని వేలికి చుట్టుకుంటోంది.

డాక్టరమ్మ రాస్తున్నది ఆపింది. "ఇంత తిన్నా రక్తం లేదంటే లోపల ఎక్కడో కారిపోతూ ఉండాలి. లేకపోతే ఒంటికి పట్టడం లేదు. గొంతులోంచి గొట్టం వేసి చూడాలి. గురువారం పెద్దాసుపత్రికి తీసుకురండి. ఖాళీ కడుపుతో రావాలి."

బయటికొచ్చాక, బాబాయి, చెల్లి ముందు నడుస్తుంటే పిన్ని నా మోచెయ్యి పట్టుకుంది.

"పదిహేడెందుకురా?"

"మాటవరసకి పిన్నీ. బాబాయి పరువు..."

"ఎప్పుడైనా దానికి రెండు వేశానా?"

ఆదివారాలు నెమరేసుకుంటూ నడిచాను. పిన్ని గరిటె చెల్లి కంచం మీదికి వచ్చినప్పుడల్లా దాని నిండా దుంపలే. పైన ఎముక మాత్రం అందరికంటే పెద్దది.

సోమ, మంగళ, బుధ. ఆ మూడు రోజులూ పిన్ని బాబాయికి అన్నం వడ్డించి, వెళ్లిపోకుండా అక్కడే నిలబడేది. "ఏమిటే?" అనేవాడాయన. "ఏం లేదు" అనేది. బాబాయి సరిగా తినడం మానేశాడు. పిల్ల కడుపులో ఏం రోగముందోనని మామ్మ దగ్గర కూర్చుని కళ్లు తుడుచుకున్నాడు. పని మానని మనిషి గురువారానికి సెలవు పెట్టాడు. అదంతా చూస్తూ కూడా నేను నోరు విప్పలేదు. కోసిన కోత నాది కదా.

గురువారం పొద్దున ఆసుపత్రి వరండాలో ఇనప బెంచీ మీద కూర్చున్నాం. చెల్లికి వదులైన పచ్చగౌను తొడిగారు, జుట్టుకు టోపీ పెట్టారు. అది కాళ్లు ఊపుతూ అడిగింది.

"అమ్మా, గొట్టం ఎంత లావుంటుంది?"

"సన్నంగానే ఉంటుందంట తల్లీ."

"మింగెయ్యాలా?"

పిన్ని జవాబు చెప్పేలోగా తలుపు తెరుచుకుంది. "పేషెంటు రండి" అంది నర్సు. చెల్లి బుద్ధిగా లేచి నిలబడింది. ఎందుకు, ఏమిటి అని అడగలేదు. దాని వెనకే పిన్ని లేచింది.

"దానికి గొట్టం వద్దమ్మా" అంది. "అది మాంసం తినదు."

"తినదా? కాగితంలో బాగా తింటుందని రాశారే?"

"తినదు. నేను పెట్టను."

నర్సు డాక్టరమ్మను పిలుచుకొచ్చింది. వరండాలో అటూ ఇటూ బెంచీల మీదున్న వాళ్లంతా మెడలు సాచారు. పిన్ని అంతా చెప్పింది. పావుకిలో, దుంపలు, మీల్‌మేకర్, ఎముకలు. వంట చెబుతున్నట్టే వరసగా చెప్పింది.

"మరి ఆ అసలు ముక్కలన్నీ ఎటు పోతున్నాయమ్మా?" అంది డాక్టరమ్మ.

"అడిగేవాళ్లకి."

"అంటే?"

"ఆయన కంచం తోసేస్తారు. అత్తయ్య సాయంత్రం దాకా సణుగుతారు. చిన్నోడు ఏడుస్తాడు. వీడు గిన్నెలోకి తొంగి చూస్తాడు. అది ఏం వేసినా చాలమ్మా అంటుంది. అందుకని..." అని ఆగి, "అందుకని దానికే లేదు" అంది.

బాబాయి మెల్లగా లేచాడు. "అయితే నేను తింటున్నది?"

"మీ కంచంలో ఆరు ముక్కలు నిజమైనవే."

"మిగతావి?"

"దుంపలు."

"ఎప్పట్నుంచే?"

"చిన్నోడు కడుపులో ఉన్నప్పట్నుంచి."

మళ్లీ కూర్చుండిపోయాడు. కన్నకూతురు పచ్చగౌనులో ఎదురుగా నిలబడి ఉంది. ఆయన దానివైపు చూడలేదు. "షాపులో అందరికీ చెప్పుకున్నానే" అన్నాడు. "తొమ్మిదేళ్లుగా చెప్పుకుంటున్నానే! వెంట్రుక తేడా పట్టేవాణ్ణి, నాకు దుంపలు తినిపించావా?"

నర్సు చెల్లి నెత్తిమీది టోపీ తీసేసి లోపలికి తీసుకెళ్లింది, బట్టలు మార్చడానికి.

డాక్టరమ్మ పిన్నిని ఎంత తిట్టాలో అంతా తిట్టింది. మాత్రలు రాసింది. మాంసం, కార్జం, గుడ్లు, ఆకుకూరలు అని కింద గీత గీసి మరీ రాసింది. "నెల చూద్దాం. రక్తం పెరిగితే సరే. పెరక్కపోతే అప్పుడు గొట్టం తప్పదు."

ఆ ఆదివారం బాబాయి జీవితంలో మొదటిసారి తానే సంచి పట్టుకుని మాంసం కొట్టుకు వెళ్లాడు. వెళ్లేటప్పుడు ఛాతీ విరుచుకుని వెళ్లాడు. వచ్చేటప్పుడు పావుకిలోతో వచ్చాడు.

"ఇందులో ఏమీ కలపకు. ఉన్నది ఉన్నట్టు వండు" అన్నాడు.

ఆయన పెద్ద ముక్కలు కొట్టించాడు. అంత పెద్ద గిన్నె అడుగున పదకొండు ముక్కలు, దిక్కులేని వాళ్లలా. గరిటె కూడా ఆయనే తీసుకున్నాడు. తనకు రెండు, మామ్మకు ఒకటి, చిన్నోడికి రెండు, నాకు ఒకటి. తర్వాత చెల్లి కంచం దగ్గరికి లాక్కుని ఒకటి, రెండు, మూడు అని పైకి చదువుతూ ఐదు ముక్కలు వేశాడు. వేసినంతసేపూ పిన్ని వైపే చూశాడు.

"తిను తల్లీ. ఇవి దుంపలు కావులే. మీ నాన్న తన చేత్తో వేస్తున్నాడు."

చెల్లి ఒక ముక్క నోట్లో పెట్టుకుంది. ఐదుగురం దాని దవడ వంక చూస్తున్నాం. అది నమిలింది, నమిలింది, ముక్క అటు బుగ్గ నుంచి ఇటు బుగ్గకు వెళ్లింది కానీ గొంతు దిగలేదు.

"గట్టిగా ఉంది నాన్నా. వాసనొస్తోంది." ఆ మాటకే దానికి కళ్లనీళ్లొచ్చాయి. "మీల్‌మేకర్ లేదా?"

చిన్నోడు పకపకా నవ్వాడు.

"అలవాటు లేని నోరు" అంది మామ్మ. "పారెయ్యకే పిల్లా, ఇటు వెయ్యి. నా మోకాళ్లకైనా పడుతుంది."

"నాకొకటి! నాకొకటి!" అన్నాడు చిన్నోడు.

"తినలేనిదాన్ని ఏం చేస్తాం? నోట్లో కుక్కుతామా?" బాబాయి గొంతు దిగింది. "మాత్రలున్నాయిగా. రేపట్నుంచి కొంచెం కొంచెంగా అలవాటు చేద్దాంలే." అలా అంటూనే దాని కంచం మీదికి చెయ్యి చాపాడు. నిజం చెప్పాలంటే, ఆ నాలుగు ముక్కల మీద నా కళ్లు కూడా పడ్డాయి. అన్నంలో ఉండాల్సిన నా చెయ్యి కూడా పైకి లేచింది.

పిన్ని కంచం లాగేసుకుంది.

"చెయ్యి వెయ్యకండి."

"ఏమిటే?"

"అవి దానివి."

ఒక చేత్తో కంచం, ఇంకో చేత్తో చెల్లి రెక్క పట్టుకుని వంటగదిలోకి వెళ్లి తలుపు మూసింది. లోపల గడియ పడింది.

మేం నలుగురం అన్నం ముందు కూర్చున్నాం. తలుపు పలచటిది. అంతా వినిపిస్తోంది.

"నములు."

"వాంతొస్తోందమ్మా."

"రానీ. కడిగేస్తాను. మళ్లీ తిను."

"నాకొద్దు. చాలమ్మా."

"చాలనకు! ఇంకోసారి ఆ మాటన్నావంటే చంపేస్తాను."

చెంబు దొర్లిన చప్పుడు. చెల్లి ఏడుపు. ఆ ఏడుపు మధ్యలోనే నమలడం.

బాబాయి తన రెండు ముక్కలూ ఎప్పుడో తినేశాడు. కంచంలో తెల్లన్నం అలాగే ఉంది. కాసేపు దాన్ని వేళ్లతో కెలికి, తలుపు వైపు తిరిగి అడిగాడు.

"ఏమే, కలుపుకోడానికి ఇంకేమన్నా ఉందా?"

"అయిపోయింది" అంది పిన్ని లోపలి నుంచి.

"పులుసైనా లేదా?"

పిన్ని గొంతే మళ్లీ వినిపించింది, మాతో కాదు.

"ఇంకా మూడున్నాయి. నోరు తెరువు."