నిరాపద బాబు కంటి పరీక్ష

సోమవారం నుంచి నిరాపద సమాద్దార్‌కి ఒకచోట కాలు నిలవడం లేదు. కుర్చీలో కూర్చున్నవాడు లేస్తాడు. వరండాలోకి వెళ్తాడు. అక్కణ్ణించి పెరట్లోకి, పెరట్లోంచి వంటింట్లోకి. వంటింట్లో నిలబడి, దేనికొచ్చాడో మరిచిపోయి, అక్కర్లేని మంచినీళ్ళు ముంచుకుని తాగుతాడు.

"కాలుగాలిన పిల్లిలా ఏమిటండీ ఆ తిరగడం?" అంది భార్య లతిక. "శుక్రవారం కంటి పరీక్ష మీ ఒక్కరికేనా? ఈ ఊళ్ళో రైలు డ్రైవర్లందరూ వెళ్ళొచ్చేదేగా!"

అందరూ వెళ్తారు, అందరూ ఫిట్ అనిపించుకుని వస్తారు. అక్కడే ఉంది తిరకాసు. పలాశ్‌డాంగా ఆసుపత్రిలో అక్షరాల బోర్డు పాతికేళ్ళుగా మారలేదు. ఏ పుణ్యాత్ముడు మొదట కంఠతా పట్టాడో గానీ, పెద్ద డ్రైవర్లు చిన్న డ్రైవర్లకి దాన్ని మంత్రోపదేశం చేసినట్టు చెవిలో చెబుతూ వచ్చారు. ఇప్పుడది రహస్యం కూడా కాదు. రైల్వే కాలనీ ఆడపిల్లలు "ఈ... ఎఫ్ పీ... టీ ఓ జెడ్... ఎల్ పీ ఈ డీ" అంటూ తాడాట ఆడుకుంటున్నారు. ఇంజను నడిపేవాళ్ళ కళ్ళని పరీక్షించే బోర్డు పిల్లల ఆటపాటయి కూర్చుంటే, ఎవరికీ అది తప్పని తోచకపోవడం ఆ ఊరికే చెల్లింది. కళ్ళు బాగున్నవాడు కూడా ఎందుకైనా మంచిదని దాన్ని ఒకసారి వల్లించుకునే వెళ్తాడు.

నిరాపద కళ్ళు బాగాలేవు. కిందటి చలికాలంలో ఎవరికీ చెప్పకుండా బర్ధమాన్ వెళ్ళి చూపించుకున్నాడు. అక్కడి డాక్టరు, కంటి వెనక నరం ఎండిపోతోందనీ, మందు వేస్తే ఉన్న చూపు నిలుస్తుందేమో గానీ పోయింది రాదనీ, అద్దాలు మార్చినా ఆపరేషన్ చేసినా లాభం లేదనీ చెప్పాడు. ఆ చీటీని నిరాపద రైలు కిటికీలోంచి దామోదర్ నదిలోకి వదిలేశాడు. ఆపద లేనివాడని పేరు పెట్టిన తల్లి బతికుంటే చెవి పట్టుకుని రెండు వాయించేది.

ఆ రోజు నుంచి బండి ఎలా నడుస్తోందంటే, హారాధన్ కళ్ళతో. హారాధన్ మాల్ అతని సహాయకుడు, యాభై నాలుగేళ్ళవాడు, పదేళ్ళుగా ఒకే ఇంజనులో అతని ఎడమపక్కన నిలబడేవాడు. సిగ్నల్ కనబడగానే డ్రైవరు దాని రంగు పైకి అనాలి, సహాయకుడు తిరిగి అనాలి. అది నియమం. ఈ పది నెలలుగా మొదట హారాధనే "పచ్చ!" అంటున్నాడు, తర్వాత నిరాపద "పచ్చ" అంటున్నాడు. ఎందుకిలా అని ఒకరినొకరు అడగలేదు. టీ తాగేటప్పుడు కూడా ఆ ఊసు ఎత్తలేదు.

సోమవారం ఉదయం శిమూల్‌డీ మలుపు దగ్గర హారాధన్‌కి దగ్గు తెర వచ్చింది. మనిషి వంగిపోయాడు, నోట మాట లేదు. నిరాపద ఒక క్షణం ఆగాడు, రెండు క్షణాలు ఆగాడు. ఎదురుగా తెల్లటి మసక, అందులో ఎక్కడో ఒక దీపం. ఆ వేళకి అక్కడ ఎప్పుడూ దారి ఇచ్చే ఉంటుంది. "పచ్చ" అనేశాడు.

"పసుపు! దాదా, పసుపు!" అని హారాధన్ దగ్గులోంచే గావుకేక పెట్టాడు.

బ్రేకు పడింది, వేగం తగ్గింది, బండి సవ్యంగానే స్టేషన్లో ఆగింది. జనం దిగారు, ఎక్కారు. ఎవరికీ ఏమీ తెలియలేదు. నిరాపదకి మాత్రం అప్పట్నించీ అరికాళ్ళ కింద ఏదో కదులుతున్నట్టే ఉంది.

బుధవారం బజారుకెళ్ళి ఇలిశ చేప తెచ్చాడు. లతిక దాని మొప్ప ఎత్తి చూసి, మొగుడి మొహంలోకి చూసింది.

"మొప్పలెత్తి చూశారా?"

"చూడకుండా తెస్తానా?"

"ఇవి నల్లబడి ఉన్నాయండీ."

అతను మొప్ప ఎత్తి చూసిన మాట నిజమే. ముప్ఫై ఏళ్ళుగా చేప కొనే ప్రతిసారీ ఎత్తే చెయ్యి ఎత్తింది, అంతే. లతిక చేపని తీసుకెళ్ళి పెరటిగోడ మీద పిల్లికి పెట్టి, ఆ పూట పప్పు, వంకాయ వేపుడు వడ్డించింది. తింటున్నంతసేపూ అతను తలెత్తలేదు. కోపం ఆమె మీద కాదు. తన మీదా కాదనుకున్నాడు గానీ, అది తన మీదే.

గురువారం పార్సిలాఫీసు దాకా నడిచాడు. అక్కడ భబతోష్ ఉన్నాడు, ఒకప్పటి మెయిలు డ్రైవరు. ఆరేళ్ళ కిందట చూపు మందగించి అన్‌ఫిట్ అయ్యాక మూటలకి చీటీలు అంటించే పనిలో వేశారు. ఒకప్పుడు అతను వస్తుంటే టీకొట్టు బల్ల మీదివాళ్ళు సర్దుకుని చోటిచ్చేవాళ్ళు. ఇప్పుడు అతను నిలబడే తాగుతాడు.

"ఏం, మా కొలువులో చేరతావా?" అని భబతోష్ వేళ్ళకంటిన జిగురు పంచెకి తుడుచుకుంటూ నవ్వాడు. "అంత ఆలోచనెందుకోయ్? బోర్డు నోటికి రాదా?"

"వచ్చు."

"మరింకేం? నేను వెధవాయిని గనక ఒక వరస తడబడ్డాను. నువ్వు తడబడకు."

డ్రైవర్ బాబు అనే పిలుపు పోతే తనకింకేం మిగులుతుందో నిరాపద ఎంత వెతికినా కనబడలేదు. ఇంటికెళ్ళేదాకా దారిపొడవునా బోర్డు వల్లిస్తూనే ఉన్నాడు. ఆ సాయంత్రం ఆరింటి పాసింజరు కూడా నడిపాడు.

శుక్రవారం పదింటికి అతన్ని లోపలికి పిలిచారు. కిటికీలు మూసిన చీకటి గది. కొత్తగా వచ్చిన డాక్టరమ్మ సుతపా లాహిరి కాగితాలు చూసుకుంటోంది. కాంపౌండరు ఒక కన్ను మూసుకోమన్నాడు. మూసుకున్నాడో లేదో, ఎవరో తరుముతున్నట్టు నిరాపద ఎత్తుకున్నాడు. "ఈ, ఎఫ్ పీ, టీ ఓ జెడ్, ఎల్ పీ ఈ డీ, పీ ఈ సీ ఎఫ్ డీ..." ఒక్క అక్షరం తప్పు పోకుండా చివరి వరస దాకా గుక్క తిప్పుకోకుండా చదివేశాడు.

కాంపౌండరు కిసుక్కున నవ్వాడు.

"సమాద్దార్ బాబూ," అంది డాక్టరమ్మ మెల్లగా, "ఇంకా బోర్డుకి దీపం వెయ్యలేదండీ."

నిరాపదకి చెవులు వేడెక్కాయి. ఆమె మంచి మనిషి. కాంపౌండరుని ఒక చూపు చూసి, తనే లేచి మీట నొక్కింది. "కంగారు పడ్డారు, ఫరవాలేదు. మళ్ళీ మొదట్నించి చదవండి."

తెల్లగా ఒక చదరం వెలిగింది. అందులో బూడిద చల్లినట్టు ఏవో మరకలు. చదవడానికి అభ్యంతరమేమీ లేదు, మొదటి అక్షరం నాలుక మీదే ఉంది. అతను నోరు తెరిచాడు. తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది.

"కనబడటం లేదమ్మా," అన్నాడు. "నాకు కంఠతా వచ్చు, అంతే."

"ఎన్నాళ్ళుగా?"

"పది నెలలు."

ఆమె కలం ఆగింది. "ఆఖరిసారి బండి ఎప్పుడు నడిపారు?"

"నిన్న సాయంత్రం."

"గూడ్సా?"

"కాదమ్మా. పాసింజరు. పదకొండు బోగీలు."

ఆమె తిట్టలేదు. తిట్టినా బాగుండేది. కాగితం మీద 'పదకొండు' అని రాసుకుంది. నిరాపద ముప్ఫై ఏళ్ళలో బోగీలు లెక్కపెట్టుకున్నాడు గానీ వాటిలో కూర్చున్నవాళ్ళని ఎన్నడూ తలుచుకోలేదు. ఇప్పుడు పదకొండు బోగీల జనం గుమ్మాల్లో వేలాడుతూ, పిల్లల్ని చంకనేసుకుని, వేరుశెనక్కాయలు ఒలుచుకుంటూ ఆ చీకటి గదిలోకి వచ్చి నిలబడ్డారు. ఆసరాకి గోడ తడుముకున్నాడు. కాంపౌండరే ముక్కాలిపీట జరిపి కూర్చోబెట్టాడు.

అరగంట తర్వాత కాగితం పట్టుకుని బయటికొస్తే వరండాలో హారాధన్ ఉన్నాడు. సెలవు రోజున గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా వేసుకుని మరీ వచ్చాడు.

"ఫిట్టేనా దాదా?"

"అన్‌ఫిట్."

హారాధన్ రెండు చేతులూ నుదుటికి ఆనించి, గోడకి జారబడి, అలాగే నేల మీద కూలబడ్డాడు. ఏడుస్తున్నాడనుకుని నిరాపద భుజం మీద చెయ్యి వేశాడు. ఏడుస్తున్న మాట నిజమే గానీ, ఆ మొహంలో బాధ లేదు. భారం దింపుకున్న కూలీ మొహం అది.

"పది నెలలు, దాదా," అన్నాడు వెక్కుతూ. "రెప్ప వెయ్యడానికి కూడా భయపడ్డాను. దగ్గొస్తే భయం, తుమ్మొస్తే భయం. ఇంట్లో నిద్దట్లో పచ్చ పచ్చ అని అరుస్తున్నానట, మా ఆవిడ తాయెత్తు కట్టించింది. నీమీద ఎవరికీ చెప్పలేకపోయాను. అందుకని కాళీమాయికి మొక్కుకున్నాను."

"ఏమని?"

హారాధన్ తల దించుకున్నాడు. "నువ్వీ పరీక్ష తప్పాలని."

నిరాపద ఒంటికాలి మీద లేవబోయాడు. అంతలో హారాధన్ కళ్ళు చూశాడు, అంత దగ్గరగా వంగితే గానీ కనబడలేదు. ఎర్రగా, చుట్టూ నల్లటి గుంటలతో, ఇద్దరి చూపూ ఒక్కడే చూసి చూసి అరిగిపోయిన కళ్ళు.

"ఏమిస్తానన్నావు మాయికి?"

"అరకిలో సందేశ్ మిఠాయి."

"ఇన్నాళ్ళూ ఇంతమందిని కాచినందుకు అరకిలోయేనట్రా, పిసినారీ?" అని నిరాపద అతన్ని రెక్క పట్టుకుని లేపాడు. "పద, కిలో కొందాం. సగం మొక్కు నాది."