జీడితోటలోకి మాట్లాడుకుంటూ వెళ్లేవాళ్లు

జర్మనీలో వన్యప్రాణి శాస్త్రం చదివే రోజుల్లో, ఎలుగుబంట్లను గమనించి రమ్మని నన్నూ, నా క్లాస్‌మేట్ హన్నానూ ఉద్దానం జీడితోటలకు పంపారు. కెమెరా ఏ చెట్టుకు కట్టాలన్న దగ్గర గొడవపడి, రెండు రోజులుగా ఇద్దరం మాటలు మానేశాం. బ్యాటరీలు కొనే వంకతో నేనొక్కదాన్నే కోటబొమ్మాళి వెళ్లి, తిరుగు బస్సెక్కాను. మనసు కుదురుగా లేదు. ఒళ్లో ఉన్న కెమెరా పెట్టెను ఊరికే తెరుస్తూ మూస్తూ కూర్చున్నాను.

పక్కసీటులో ఒకావిడ, చెవుల మీదుగా కొంగు కప్పుకుని ఉంది.

"ఏటమ్మా అది?"

"ఎలుగుబంటిని ఫొటో తీసే కెమెరా పిన్నీ."

"తోటలోకి మాటాడుకుంటూ ఎల్తారా?"

"లేదు. చప్పుడు చేయకూడదని మాకు నేర్పారు."

ఆమె కొంగు పక్కకు తీసింది. ఎడమ చెవి లేదు. ముడుచుకుపోయిన మచ్చ ఉంది.

"నానూ, మా తోటికోడలూ రోజూ కబుర్లాడుకుంటూ ఎల్లీవోళ్లం. మా గొంతులినీసి ఎలుగే తప్పుకునీది. ఆ రోజు మా ఇద్దరికీ తగువు. నోరిప్పకుండా ఎల్లినాం. పిల్లల్తో ఉన్నాది పాపం, మమ్మల్ని సూసి బెదిరిపోనాది."

కొంగు సర్దుకుని కిటికీ వైపు తిరిగింది. తోటికోడలికి ఏమైందని అడగడానికి నాకు నోరు రాలేదు.

బస్సు దిగాక, హన్నా అప్పటికే ఒంటరిగా తోటలోకి వెళ్లిందని ఊళ్లో చెప్పారు. తోట మొదట్లోనే నిలబడి, గొంతు చించుకుని పేరు పెట్టి పిలిచాను. జవాబు వచ్చేదాకా పిలుస్తూనే ఉన్నాను.