తూము లేని రోడ్డు

జ్ఞానమ్మకి ప్రభుత్వం రెండుసార్లు మేలు చేసింది. ఎనభయ్యారు వరదల్లో ముక్తేశ్వరం దగ్గర వాళ్ల లంక గోదాట్లో కలిసిపోతే, గట్టుకి ఇవతల పునరావాస కాలనీలో గది ఇల్లు కట్టించి ఇచ్చింది. మొన్నామధ్య ఆ ఇంటి ముందు సిమెంటు రోడ్డు వేసింది. ఆ రెండో మేలే ఆమె మొగుడు మత్తయిని తినేసింది.

పాత రోడ్డు తవ్వకుండా దానిమీదే కొత్తది పోయించాడు కంట్రాక్టరు సత్యదుర్గారావు. ఆయన మేడ రోడ్డుకి అటువైపు. కారు కుదుపు లేకుండా లోపలికి జారాలని తన గుమ్మం రోడ్డుతో సమం చేసుకుని, వాలు మాత్రం కాలనీవైపు పెట్టాడు. వాన పడితే చాలు, నీళ్లు జ్ఞానమ్మ ముందు గుమ్మంలో దూరి, పెరటి గుమ్మంలోంచి వెనకున్న మురుగుకాలవలో పడేవి. పక్షవాతం వచ్చిన మత్తయి, ఇటికల మీదికెత్తిన మంచంలోంచి వాటినే చూస్తూ పడుకునేవాడు.

జ్ఞానమ్మ మేడ దగ్గరికి వెళ్లి అడిగింది.

"బాబుగారూ, రోడ్డు పక్కనించి కాలవలోకి తూమేయించండి. మనిషి నానిపోతన్నాడండి."

"ఎస్టిమేట్లో తూము లేదే. అయినా లంకోళ్లకి నీళ్లు కొత్తేంటి? ఈత కొట్టమను మీ ఆయన్ని!"

అరుగు మీదున్నవాళ్లంతా నవ్వారు.

ఆ వానల్లోనే మత్తయి నిమ్ము చేసి పోయాడు. జ్ఞానమ్మ సమాధి దగ్గర ఏడవలేదు. ఆ నవ్వే వింటూ నిలబడింది.

లంకలో ఇల్లు కట్టాలంటే ముందు మెరక లేపేవారు. కొబ్బరి డొక్కలు ఒక వరస, ఒండ్రుమట్టి ఒక వరస, వేసి కాళ్లతో తొక్కేవారు. సర్కారు ఇల్లు కదా అని నమ్మి, కాలనీకొచ్చాక అందరూ ఆ పని మానేశారు. జ్ఞానమ్మ వేసవంతా అదే పని పెట్టుకుంది. వాకిలి, పెరడు, ఇంటి లోపలి నేల, అన్నీ లేపింది. చూసి పక్క ఇళ్లవాళ్లూ మొదలెట్టారు.

"ఏమే, కోట కడతన్నావా?" అన్నాడు సత్యదుర్గారావు మేడ మీంచి.

"ఆయ్, అలాగే అనుకోండి."

నేల లేచేసరికి గుమ్మం పొట్టిదైపోయింది. తన ఇంట్లోకి తనే వంగి వెళ్లాల్సొచ్చింది. వంగినప్పుడల్లా ఆ నవ్వు వినబడేది. వినబడనీ అనుకునేది.

తుపాను వాన పట్టింది. కాలనీలోకి దారి దొరక్క నీళ్లు రోడ్డు మీద నిలబడ్డాయి. నిలబడి, అటు తిరిగి, నున్నటి గుమ్మంలోంచి మేడలోకి నడిచాయి. సోఫాలు మునిగాయి, కారు మునిగింది. సత్యదుర్గారావు పంచె ఎగ్గట్టి మోకాళ్ల నీళ్లలో వచ్చాడు.

"జ్ఞానమ్మగారూ! మీ వాకిట్లోంచి వెనక కాలవలోకి కాస్త గండి కొట్టనివ్వండి. మా అమ్మ మంచం తేలిపోతందండీ!"

గారూ అనీ అండీ అనీ ఆ నోటినుంచి వినడం ఆమెకి అదే మొదలు.

"మహాలక్ష్మమ్మగారిని ఇక్కడికి తెచ్చేయండి. లోపల పొడిగా ఉంది. మత్తయి మంచం ఖాళీయే."

"మరి గండి..."

"నా ఎస్టిమేట్లో తూము లేదండి."

ఆయన వెళ్లి తల్లిని చేతుల మీద ఎత్తుకొచ్చాడు. గుమ్మం దగ్గర ఆగాడు.

"వంగండి బాబూ," అంది జ్ఞానమ్మ. "ఇంకా వంగాలి."

వంగాడు. ఆమెకి అదీ చాల్లేదు.