ముక్కు మాస్టారి కేకు

బేకరీలో ఆయన్ని అందరూ ముక్కు మాస్టారు అనేవారు. ముక్కు పెద్దదని కాదు, అదీ కొంత నిజమే అనుకోండి. బట్టీలో రొట్టె కాలిందో లేదో ఆయన గడియారం చూసి తెలుసుకున్న పాపాన పోలేదు. వీధి గుమ్మంలో ఎవరితోనో కబుర్లాడుతూనే ఠక్కున "తియ్యండ్రా!" అని కేకేసేవారు. తీస్తే బంగారు రంగు. కేకులో పుల్ల గుచ్చి చూసేవాళ్లంటే ఆయనకు మహా చులకన. పరీక్షలో పక్కవాడి పేపరు చూసి రాయడం లాంటిదట అది. అయితే "ఆఖర్న ఏ వాసన రావాలి మాస్టారూ?" అని కుర్రాళ్లు అడిగితే మాత్రం నీళ్లు నమిలేవారు. వస్తే తెలుస్తుంది, అంతే.

అంతటి ముక్కునూ కిందటి చలికాలం ఓ జ్వరం ఎత్తుకుపోయింది. జ్వరం తగ్గింది గానీ వాసన తిరిగి రాలేదు. పువ్వుకూ ఫినాయిలుకూ తేడా లేదు. ఆ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. మోకాళ్ల నొప్పులని పని మానేశారు. వెళ్లేటప్పుడు బేకరీవాళ్లు ప్రేమగా ఇచ్చిన చిన్న ఓవెన్‌ని మూలపెట్టి దుప్పటి కప్పేశారు. ఇక జన్మలో పిండి ముట్టనని లోపల్లోపలే ఒట్టు పెట్టుకున్నారు.

ఆ ఒట్టు బడి సెలవులదాకా నిలిచింది. కూతురు పిల్లలిద్దరూ దిగారు. పెద్దది పిచ్చుక, ఏడేళ్లు, నోటికి తాళం లేదు. రెండోవాడు నాలుగేళ్ల గుండు. వచ్చిన మర్నాటికే ఇల్లు పీకి పందిరేశారు. దుప్పటి లాగింది గుండే.

"తాతయ్యా, ఓవెన్! కేకు చేద్దాం!"

"అది పాడైపోయిందిరా."

పిచ్చుక స్విచ్చి వేసింది. లోపల దీపం వెలిగింది. "బాగానే ఉందిగా!"

అబద్ధమాడితే అతికినట్టుండాలి. మాస్టారు మింగలేక కక్కలేక లేచారు.

చేతులు మాత్రం ఏదీ మరిచిపోలేదు. గిన్నెలో వెన్నా పంచదారా పడగానే ఆ చేతులకి ప్రాణం లేచొచ్చింది. పిచ్చుక గుడ్లు కొట్టి, సొనతోపాటు సగం పెంకులు కూడా వేసింది. గుండు మైదా జల్లిస్తూ తుమ్మాడు. ఇల్లంతా పిండి. ఎన్నాళ్ల తర్వాతో మాస్టారు పొట్ట పట్టుకుని నవ్వారు.

కేకు లోపలికి వెళ్లింది. ఆయన ఓవెన్ ముందే ముక్కాలి పీట వేసుకుని, బేకరీ పిల్లి మైదా బస్తాలో పడి దెయ్యంలా బయటికొచ్చిన కథ అందుకున్నారు. కథ మంచి పట్టులో ఉండగా పెరట్లోంచి అమ్మమ్మ పరుగున వచ్చింది.

"ఏమండీ! ఇల్లంతా మాడు కంపు కొడుతుంటే ఓవెన్ ముందే కూర్చుని కథలా?"

తలుపు తీస్తే బొగ్గు.

"నాకెప్పుడో వచ్చింది ఆ వాసన," అంది పిచ్చుక. "తాతయ్యకి తెలీకుండా ఉంటుందా అని ఊరుకున్నా."

ఆ మాట మాస్టారికి ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. "తాతయ్యకి తెలీలేదమ్మా. నా ముక్కు పనిచెయ్యట్లేదు. జ్వరం వచ్చినప్పట్నించీ ఇంతే."

"నాకెప్పుడో తెలుసు," అంది అమ్మమ్మ మెల్లగా. "ఓసారి అడుగంటిన పాలతో కాఫీ కలిపిస్తే అమృతంలా ఉందన్నారు."

"మరి అడగలేదేం?"

"మీరే చెప్తారని చూశాను."

గుండు వచ్చి తాతయ్య మోకాలు పట్టుకున్నాడు. "నా ముక్కు తీసుకో తాతయ్యా."

"ముందు అది తుడుచుకోరా!" అంది పిచ్చుక. అందరూ నవ్వారు. ఆ నవ్వులోనే రెండో కేకుకి పిండి కలిసింది. ఇదీ మాడితే ఓవెన్ మళ్లీ దుప్పటి కిందికే అని మాస్టారు మనసులో అనుకున్నారు.

ఈసారి కథల్లేవు. పిల్లలిద్దరూ ఓవెన్ ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు.

"పచ్చి గుడ్డు," అంది పిచ్చుక.

"చాలా టైముంది."

"ఇప్పుడు వెన్న."

"ఊఁ."

"నాన్న చొక్కా ఇస్త్రీ చేస్తే వస్తుందే, అది!"

అంటే అంచులు ఎర్రబడుతున్నాయన్నమాట. ఇక మిగిలింది ఆ ఆఖరి వాసనే. ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేకపోయినదాన్ని పసివాళ్లని ఎలా అడగడం?

"పుల్ల తేనా?" అంది అమ్మమ్మ.

"ఉండు," అన్నారాయన.

అప్పుడు గుండు లేచాడు. ఓవెన్ దగ్గర గట్టిగా వాసన పీల్చాడు. వెనక్కి పరుగెత్తుకొచ్చి తాతయ్య చొక్కాలో ముక్కు దూర్చాడు. తల అడ్డంగా ఊపాడు.

"ఇక్కడ లేదు. అందులో ఉంది."

"ఏంటిరా?"

"తాతయ్య వాసన."

కిందటి సెలవుల్లో పని నుంచి రాగానే వీణ్ణి ఎత్తుకుంటే, మెడ దగ్గర మొహం పెట్టి దిగేవాడు కాదు. రోజూ ఆ వాసన రాగానేగా బట్టీ తలుపు తీసేది! అదే చొక్కాకి పట్టి ఇంటికొచ్చేదన్నమాట.

"తియ్యండ్రా!" అని మాస్టారు కేకేసి తనే తలుపు తీశారు. బంగారు రంగు. మధ్యలో చిన్న బీట, దానికేం. ఆయన కళ్లు తుడుచుకున్నారు, ఆవిరి అని సాకు కూడా చెప్పలేదు.

కేకు ముక్క చేత్తో పట్టుకుని గుండు తాతయ్య ఒళ్లోకెక్కాడు. తినకముందే మరోసారి చొక్కా వాసన చూశాడు.

"వచ్చేసింది," అన్నాడు.