ఎల్దా గాట్లు

చెస్ట్‌నట్ కాయ చేతికి వస్తే చాలు, ఎల్దా చిన్న కత్తితో దాని వీపున ఒక గాటు పెడుతుంది. గాటు లేని కాయ నిప్పుల మీద కాలుస్తుంటే పేలుతుందని ఆస్ట్రేలియాలోని ఆ ఓవెన్స్ లోయలో అందరికీ తెలుసు. ఇంట్లో గాట్లు పెట్టేది మాత్రం ఆమె ఒక్కతే.

ఏటా ఏప్రిల్‌లో, ఆకులు రాలే వేళ, కాల్చిన చెస్ట్‌నట్‌లు తినడానికి మెల్‌బోర్న్ నుంచి బంధువులూ స్నేహితులూ దిగుతారు. పసుపెక్కిన పాప్లర్ చెట్లు చూడ్డానికి ఏటి ఒడ్డుకు పోతారు. నలభై ఏళ్లుగా ఎల్దా కాయల బకెట్ల ముందే ఉండిపోయింది.

ఈసారి కత్తి భర్త చేతిలో పెట్టింది. "ఏమయ్యా దీనో, ఇవాళ నేనూ ఆకులు చూడాలి."

"నీ ఒడుపు నాకెక్కడిది?"

"వైన్ సీసా మూత తీసేటప్పుడు బాగానే ఉంటుందిగా ఒడుపు!"

సగం దారిలో ఉండగానే వెనక ఢాం ఢాంమని చప్పుళ్లు. పరుగున తిరిగొచ్చింది. దీనో టోపీ నిండా బూడిద. అల్లుడు క్రెయిగ్ బల్ల కింద ఉన్నాడు.

"కొన్నింటికి పెట్టకపోయినా ఏం కాదనుకున్నాం అత్తయ్యా."

"ఏం కాలేదు నాయనా. లేచి తప్పుకో."

పొద్దు వాలేదాకా గాట్లు పెడుతూనే ఉంది. అందరూ తింటూ, చెట్లు ఎంత బాగున్నాయో ఆమెకే వర్ణించారు.

మర్నాడు పొద్దున ఎల్దా ఎవరికీ కాఫీ పెట్టలేదు. కూతురు రోసెల్లాను లేపి, కోటు వేసుకోమని, ఏటి ఒడ్డుకు తీసుకుపోయింది. ఎండెక్కేదాకా ఇద్దరూ ఆ చెట్ల కిందే కూర్చున్నారు.