కడిగిన నీళ్లు

దప్పికతో వచ్చిన గొర్రెలకు నీళ్లు పెట్టడం తప్పవుతుందా? ఇన్నేళ్లయినా జవాబు దొరకలేదు. వానలు ముఖం చాటేసిన ఆ ఏడు ఉదయగిరిలో గొర్రెల జబ్బుల పరిశోధనశాలకు నీళ్లు బండిమీద పీపాల్లో వచ్చేవి. అక్కడ గాజు గొట్టాలు కడిగే కామయ్య గొల్లల ఇంట పుట్టినవాడు; నీటిచుక్క నేలపాలైతే విలవిల్లాడేవాడు. ఒక వాయి చివర కడిగిన నీళ్లతోనే మరో వాయి మొదలుపెట్టేవాడు. మందల్ని తుడిచిపెట్టే దొమ్మరోగం (ఆంత్రాక్స్) క్రిములున్న గొట్టాలు కడిగిన నీళ్లు మాత్రం బాగా మరగబెట్టి గుంటలో పారబోయాలని అక్కడి పశువుల డాక్టరు ఆజ్ఞ. కిరసనాయిలు మిగులుతుందని కామయ్య ఒక పొంగు రాగానే స్టవ్వు ఆర్పేసేవాడు. పారబోయడానికి చెయ్యి రాక ఆ నీళ్లు తొట్టిలో ఉంచేవాడు.

ఒక మధ్యాహ్నం అక్క మాలకొండమ్మ గొర్రెలు నాలుకలు వేలాడేసుకుని గుమ్మం ముందు నిలబడ్డాయి. "ఉమ్మి గూడా దాచేవోడివి గదరా, రవ్వన్ని నీళ్లుండవా? నా బతుకంతా ఈటి మీదనే ఉండాది," అందామె. కాగిన నీళ్లే కదా అనుకుని కామయ్య తొట్టి ముందుకు జరిపాడు.

వారం తిరక్కుండానే మందంతా చచ్చి పడిపోయింది. "నీళ్లడిగితే ఏంది రా పోసినావు?" అని మాత్రం అడిగింది అక్క. కామయ్య పరిశోధనశాలకు వెళ్లి, పొదుపు చేసిన మంచినీళ్ల కడవ వంచి, అది ఖాళీ అయ్యేదాకా చేతులు కడుక్కున్నాడు. ఆ నీళ్లు నేలలో ఇంకిపోతుండగానే, ఎవరికీ చెప్పకుండా ఊరు విడిచి దుత్తలూరు దారి పట్టాడు.