తొక్కడానికి మూడొందలు, గోడకి పన్నెండొందలు

నా బేరాల చరిత్రలో కాలరెగరేసి చెప్పుకోదగ్గ ఘనకార్యం ఒకటుంది. మూడొందల యూరోలు చెప్పిన వస్తువుని, ఎవరూ బలవంతపెట్టకుండానే, మూడొందల యాభై ఇచ్చి కొన్నాను. తెనాలి బజారులో మూడు తరాలుగా స్టీలు సామాన్ల కొట్టు నడుపుతున్న మా ఇంట్లో ఇలాంటి పని నాకు ముందు ఎవరూ చెయ్యలేదు. మా తాత బతికుండగా తెలిస్తే నన్ను గల్లాపెట్టె దరిదాపులకి కూడా రానిచ్చేవాడు కాదు. ఆ రోజుల్లో, అంటే పన్నెండేళ్ళ కిందట హైడెల్‌బర్గ్‌లో మొదటి ఉద్యోగంలో చేరిన కొత్తల్లో, నాకు రెండే విషయాల మీద గట్టి నమ్మకం ఉండేది. చెప్పిన ధర అసలు ధర కాదన్నది ఒకటి. నవ్వుతూ మాట్లాడేవాడు ఏదో అంటగట్టబోతున్నాడన్నది రెండోది. ఈ రెండూ పట్టుకునే ఇరవై నాలుగేళ్ళు వచ్చేదాకా ఎక్కడా మోసపోకుండా నెట్టుకొచ్చాను.

అప్పుడు నేనుంటున్నది వరంగల్ నుంచి వచ్చిన ఒకాయన ఫ్లాట్‌లో, హాల్లో, సోఫా మీద. ఆయన్ని అందరం రూల్సన్న అనేవాళ్ళం (జర్మనీలో ఏ చెత్త ఏ రంగు డబ్బాలో వెయ్యాలో నిద్రలో లేపి అడిగినా చెప్పగలడు). పది దాటాక షవర్ వాడితే ఆయనకి నిద్ర పట్టదు, ఆదివారం గాజు సీసాలు పారేస్తే అసలు ఊపిరాడదు. నా పేరు మీద ఒక గది దొరికింది. కానీ నెలాఖరులోగా కౌత్సియోన్ కట్టాలి, అంటే ఇంటివాడి దగ్గర ముందే పెట్టాల్సిన అడ్వాన్సు. దానికి సరిగ్గా ఆరొందల యూరోలు తక్కువపడ్డాయి. ఇంటికి ఫోన్ చేసి అడగడానికి మొహం చెల్లలేదు. అలాంటి సమయంలో ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉన్న మా పెద్దమ్మ కొడుకు ఫోన్ చేశాడు. అక్కడ దోసెల హోటలు పెడుతున్నాడు.

"ఒరేయ్, గోడ మీదికి ఒక పాత రేసు సైకిలు కావాలిరా. ఇప్పటివి కాదు, వెనకటి పందేల్లో తొక్కినవి. సన్నటి స్టీలు గొట్టాలు, తోలు సీటు. జనం దాని పక్కన నిలబడి ఫొటోలు దిగాలి. నువ్వు బేరగాడివి కదా, చూడు. తొమ్మిదొందలు దాకా పెడతా."

దోసెలకీ సైకిలు పందేలకీ సంబంధమేమిటని నేను అడగలేదు. డబ్బులిచ్చేవాణ్ణి ప్రశ్నలడగడం మా ఇంటా వంటా లేదు.

వారం తిరక్కుండానే కోట కింద ఒక సందులో ఆ సైకిలు కంటబడింది. డెబ్బై దాటిన పెద్దాయన నడిపే రిపేరు కొట్టు అది. నీలం రంగు స్టీలు సైకిలు. గేర్లు మార్చే పుల్లలు హ్యాండిల్ దగ్గర కాకుండా కింద గొట్టం మీద ఉన్నాయి. పెడళ్ళకి తోలు పట్టీలు. హ్యాండిల్‌కి వేలాడుతున్న అట్టముక్క మీద రెండు వరసలు రాసుంది. తొక్కడానికి 300. గోడకి 1200.

నాకు వెంటనే ఒళ్ళంతా అనుమానం పాకింది. ఒకే సరుక్కి రెండు ధరలు పెట్టడం మాకు కొత్త కాదు. కానీ మేము ఆ రెండో ధర కడుపులో పెట్టుకుంటాం, అట్టమీద రాసి వేలాడదీయం. అంత బాహాటంగా రాశాడంటే ఇందులో ఏదో మూడో ధర దాగుందనిపించింది.

బోణీ బేరానికి వెళ్దామని నిశ్చయించుకున్నాను. పొద్దున్నే వచ్చిన మొదటి గిరాకీని వట్టి చేతులతో పంపకూడదని, నష్టానికైనా ఇచ్చి పంపాలని మా కొట్లో పట్టింపు. బుధవారం ఎనిమిదింటికే వెళ్ళి ఆ సందులో చలికి వణుకుతూ నిలబడ్డాను. కొట్టు పదింటికి తెరుస్తారని అప్పుడు తెలిసింది. పదింటికి వచ్చిన పెద్దాయన నన్నూ, తన తాళాన్నీ, మళ్ళీ నన్నూ చూశాడు.

"ఎప్పట్నుంచి ఉన్నారిక్కడ?"

"ఎనిమిదింటి నుంచి. ఈ రోజు మీ మొదటి కస్టమర్ని నేను. మా ఊళ్ళో మొదటివాడికి తగ్గించి ఇస్తారు," అన్నాను నాకొచ్చిన జర్మన్‌లో.

"ఎందుకు?"

"మిగతా రోజంతా వ్యాపారం బాగా జరుగుతుందని."

"బుధవారం పన్నెండింటికి మూసేస్తాను," అన్నాడాయన తాళం చెవి తిప్పుతూ. "మిగతా రోజంటూ ఏమీ లేదు."

లోపల కాఫీ ఇచ్చాడు. (మా కొట్లో కూల్‌డ్రింకు తెప్పించామంటే గిరాకీ ఇక తప్పించుకోలేడని అర్థం. కాబట్టి కప్పు పట్టుకున్నానే గానీ సగమే తాగాను.) నేను నూట ఎనభై అన్నాను. ఆయన మూడొందలన్నాడు. రెండొందలన్నాను. మూడొందలన్నాడు, మొదటిసారి ఎంత మెత్తగా అన్నాడో అంత మెత్తగా. ఇక ఆఖరి అస్త్రం తీశాను. "వద్దులెండి" అని కప్పు పెట్టేసి బయటికి నడిచాను. నాలుగు అడుగుల్లో వెనక్కి పిలుస్తారు, తెనాలిలో ఎవరైనా పిలుస్తారు. నాలుగైంది, నలభై అయింది. సందు చివరికొచ్చాను. ముసలాయన కదా, గొంతు వినపడలేదేమోనని నెమ్మదిగా నడుస్తూ నెకార్ నది వంతెన దాకా వెళ్ళాను. పరిగెత్తుకుంటూ వస్తే నన్ను పట్టుకోవడానికి వీలుగా ఉంటుందని వంతెన మీద అరగంట నిలబడ్డాను. ఎవరూ రాలేదు. తిరిగి వెళ్ళేసరికి ఆయన ఒక చక్రానికి పుల్లలు బిగిస్తున్నాడు.

"ఏదైనా మర్చిపోయారా?"

"లేదు. మీరు పిలుస్తారేమోనని..."

"వెళ్తానన్నారు కదా," అన్నాడాయన, నిజంగానే అర్థం కాక. తరవాత చక్రం పక్కన పెట్టి నా కళ్ళలోకి చూశాడు. "తొక్కడానికా, గోడకా?"

"తొక్కడానికే," అన్నాను గుండె మీద చెయ్యి వేసుకుని.

"ఎక్కడికి?"

కిటికీలోంచి ఏం కనపడితే అది చూపించాను. కనపడింది కోనిగ్‌స్టూల్ కొండ. ఊరి నడిబొడ్డు నుంచి మొదలై మెలికలు తిరుగుతూ అడవిలోంచి ఆకాశంలోకి పోయే రోడ్డు అది. ఆయన మొహం వెలిగిపోయింది. "మంచిది. పందేల్లో నేను తొక్కిన సైకిలిది. ఆదివారం ఎనిమిదింటికి రండి. ఇద్దరం కలిసి వెళ్దాం. పైదాకా వస్తే మూడొందలకి మీది."

ఇంట్లో చెబితే రూల్సన్న కుర్చీలోంచి లేచాడు. "మూడొందలకు రేసు సైకిలా? ఫ్రేమ్ నంబర్ చూసినవా? రసీదు ఇస్తడా? దొంగబండి అయితే పోలీసులు నిన్ను పట్టుకపోతరు తమ్మీ. సర్కారు కాడ నీ అడ్రసు అన్మెల్డుంగ్ నా ఇంటి మీదనే ఉన్నది, రేపు నన్ను గూడ అడుగుతరు."

"దొంగబండి కాదన్నా. ఆయనే తొక్కాడంట వెనకటి పందేల్లో."

"చెప్పుడుకేంది, నేను గూడ తొక్కిన అంట. ఫొటో ఉన్నదా?"

ఆ మాట నా మనసులో నాటుకుపోయింది. ఆదివారం వెళ్ళగానే ఫొటో అడిగాను. గోడ మీద ఉందన్నాడు. పాత నలుపు తెలుపు బొమ్మ. రాళ్ళు పరిచిన రోడ్డు పక్కన, ఉన్ని చొక్కా వేసుకుని, అదనపు టైరుని భుజం మీంచి జంధ్యంలా వేసుకున్న కుర్రాడు ముందు చక్రం లేని సైకిలు పట్టుకుని నిలబడ్డాడు. ముక్కూ చెవులూ పోల్చి చూశాను. చెవులు ఆయనవే.

"ముందు చక్రం ఏమైంది?"

"మా జట్టు నాయకుడి చక్రం పంక్చరయింది. నాది ఇచ్చేశాను. అదే నా పని. నీళ్ళు మొయ్యడం, గాలికి అడ్డం నిలబడడం, అవసరమైతే చక్రం ఇవ్వడం."

"మరి మీరు గెలిచిన పందేలు?"

"ఒక్కటీ లేదు."

ఇక్కడ నాకు అనుమానం పదింతలైంది. తన సరుకుని తనే తగ్గించుకునే అమ్మకందారుని నేను పుట్టి బుద్ధెరిగి చూడలేదు. ఛాంపియన్ తొక్కిన సైకిలంటే రెండువేలు పలుకుతుంది. కాదని చెబుతున్నాడంటే ఇది నేనెరగని, ఇంకా పైస్థాయి ఎత్తుగడ అయ్యుండాలి.

బయల్దేరాం. నేను ఆ నీలం సైకిలు మీద. ఆయన నడుం వంగదని బ్యాటరీ సైకిలు మీద నిటారుగా కూర్చుని, ఈల వేసుకుంటూ. తెనాలిలో నాన్న లూనా రిపేరుకిచ్చిన రోజుల్లో బిందెలు కట్టుకుని సైకిలు తొక్కిన అనుభవం నాది. ఆ ఊరికి కొండలు లేవు. రెండో మలుపులో నాలుక బయటికొచ్చింది. మూడో మలుపులో దిగిపోయాను. అక్కణ్ణుంచి నేను సైకిలుని తోస్తూ, ఆయన ప్రతి మలుపు దగ్గరా ఆగి కథ చెబుతూ. ఆ కాలంలో చెవిలో రేడియోలు లేవట, ఎవడు ముందు పారిపోయాడో రోడ్డు పక్క జనాన్ని అడిగి తెలుసుకునేవాళ్ళట. తలకి గుడ్డ టోపీయేనట. వాన పడితే ఉన్ని చొక్కా తడిసి మోకాళ్ళ దాకా సాగేదట. "ఇప్పటివాళ్ళు నాకన్నా చాలా వేగం," అన్నాడు. "కానీ వాళ్ళ జేబులో రొట్టె ఉండదు." అందులో అంత బాధపడవలసిందేముందో నాకు తెలియలేదు. నేను ఆరొందల గురించే ఆలోచిస్తున్నాను.

గంటన్నరకి పైకి చేరాం. కింద ఊరూ నదీ బొమ్మల్లా ఉన్నాయి. సరిగ్గా అప్పుడే ఫ్రాంక్‌ఫర్ట్ అన్నయ్య నుంచి ఫోన్ వచ్చింది. పెద్దాయన పక్కనే ఉన్నాడు, అయినా నాకేం భయం? తెలుగులో మాట్లాడితే ఈ దేశంలో ఎవడికర్థమవుతుంది?

"ఏరా, కుదిరిందా?"

"ఆల్మోస్ట్ డన్ అన్నయ్యా. నైన్ హండ్రెడ్ ఫిక్స్. వాల్ మౌంట్ రెడీగా పెట్టుకో. ఓల్డ్ మ్యాన్ ఫుల్ సెంటిమెంట్, ఓన్లీ రైడర్‌కే ఇస్తాడంట, నేనే రైడర్ అని చెప్పా."

ఫోన్ పెట్టేశాను. పెద్దాయన సంచీలోంచి ఆ వారం వార్తాపత్రిక తీసి, మధ్యకి చించి, సగం నా చేతిలో పెట్టాడు.

"చొక్కా లోపల పెట్టుకోండి. దిగేటప్పుడు చెమట మీద గాలి తగిలితే ఛాతీ పట్టేస్తుంది. ఆ రోజుల్లో కొండ పైన జనం మాకోసం పేపర్లు పట్టుకుని నిలబడేవాళ్ళు." కాస్త ఆగి, అదే మెత్తటి గొంతుతో అన్నాడు. "నేను ఇంగ్లీషువాళ్ళతో, బెల్జియంవాళ్ళతో పదేళ్ళు తొక్కాను. మీ భాషలో నాకు తెలిసిన మాటలు చాలా ఉన్నాయి. గోడ ధర పన్నెండొందలని రాశాను కదా. తొమ్మిదొందలకి అమ్మితే మీకు మూడొందలు నష్టం. ఇంకోసారి లెక్క చూసుకోండి."

పేపరు చొక్కాలోకి దోపుకున్నాను. ఆయన ముందు దిగాడు, నేను వెనక. బ్రేకులు పట్టుకుని వేళ్ళు మొద్దుబారాయి. ఛాతీ మీద పేపరు కరకరమంటోంది. ముందున్న ఆయన వీపు గాలినంతా మింగేస్తోంది, నా దాకా రానివ్వడం లేదు. అబద్ధం బయటపడ్డాక కూడా ఈ మనిషి నాకు పేపరెందుకిచ్చాడు? ఇందులో ఆయనకి లాభం ఎక్కడుంది? మలుపు మలుపుకీ వెతికాను. నేను పుట్టింది లాభం ఎక్కడుందో వాసన పట్టే ఇంట్లో. కొండ దిగేదాకా వెతికినా దొరకలేదు.

కొట్లోకి వెళ్ళగానే ఆయన అట్టముక్క విప్పి నా ముందు పెట్టాడు. "ముప్పావు వంతు నడిచారు. కానీ పైదాకా వచ్చారు. గోడకి కొనేవాడు అంత దూరం తొయ్యడు. నాకేం తేలడం లేదు. ధర మీరే చెప్పండి."

"మీరే చెప్పండి" అన్నది మా తాత ఇరవై ఏళ్ళు పదునుపెట్టిన కత్తి. ఆ మాటంటే ఎదుటివాడు సిగ్గుపడి రెండు రూపాయలు ఎక్కువే చెబుతాడు. అది నా మీదికి వస్తోందని తెలిసి కూడా పక్కకి తప్పుకోలేకపోయాను.

"తొక్కడానికే," అన్నాను. పర్సులోంచి మూడొందల యాభై తీసి పెట్టాను.

"యాభై దేనికి?"

"పేపరుకి."

ఆయన ఆ యాభై నోటుని తీసుకుని దీపానికెత్తి, ఇటు తిప్పీ అటు తిప్పీ, దొంగనోటేమోనని చాలాసేపు చూశాడు. ఆ తరవాతే రసీదు రాశాడు, ఫ్రేమ్ నంబరుతో సహా.

ఇక అసలు లెక్క. సైకిలుకి మూడొందల యాభై. అన్నయ్య తొమ్మిదొందలు పోయాయి, ఆర్నెల్లు మాటల్లేవు (చివరికి గోడకి ఇత్తడి పళ్ళేలు కొట్టించాడు, అవి పంపింది మా నాన్నే, మంచి ధరకి). గది వేరేవాళ్ళకి పోయింది. రూల్సన్న సోఫా మీద ఇంకో నాలుగు నెలలు, అద్దెతో పాటు రోజుకి పన్నెండు చపాతీలు ఒత్తి పెట్టే షరతు మీద. టైర్లు మూడు జతలు, చెయిన్లు రెండు, మోకాలికి కట్టు ఒకటి. పెద్దాయన ఆ డిసెంబరులో కొట్టు మూసి బ్యోబ్లింగెన్ దగ్గర కూతురింటికి వెళ్ళాడు. ఏటా ఎండాకాలం రాగానే సైకిలు టైరు అడుగు ఫొటో పంపమంటాడు, అరిగిందో లేదో చూసుకోవడానికి. ఆయనకి నా మీద నమ్మకం ఇప్పటికీ కుదరలేదు, అందులో ఆయన తప్పేమీ లేదు. ఈ పన్నెండేళ్ళలో ఆ కొండకి యాభై సార్లకి పైగానే వెళ్ళి ఉంటాను. దిగకుండా పైదాకా తొక్కింది రెండుసార్లని ఇంట్లోనూ ఆఫీసులోనూ చెప్పుకుంటూ వస్తున్నాను. వాటిలో ఒకసారి నీళ్ళు తాగే నెపంతో కాలు కింద పెట్టాను. రెండోసారి పైనుంచి కారొస్తోందని పక్కకి దిగాను, ఆ కారు ఇంకా చాలా దూరంలో ఉంది. కాబట్టి నికరంగా సున్నా.